బావ కారులో హీటు మీటరు

పోయిన నెల మా వీధిలో ఒక పెళ్ళి ఊరేగింపు ఆగిపోయింది. కరీంనగర్‌లో ఈమధ్య పెళ్ళిళ్ళకు పాత కార్లు అద్దెకు తెచ్చి, బంతిపూలతో ముంచెత్తి, పెళ్ళికొడుకును అందులో ఊరేగించడం ఒక ముచ్చట అయింది. పట్టపగలు, మండుటెండ. సరిగ్గా మా గేటు ముందుకు వచ్చేసరికి ఆ కారు బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి ఎగజిమ్మింది. బంతిపూలు ఉడికిన వాసన వీధంతా కమ్ముకుంది. బ్యాండు వాళ్ళు మాత్రం వాయించడం ఆపలేదు. జనమంతా సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటే, పెళ్ళికొడుకు లోపల కూర్చొని కర్చీఫుతో విసురుకుంటున్నాడు. నేను చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి, డ్రైవరు పక్క కిటికీలోంచి లోపలికి తొంగిచూశాను. "ఏం జూస్తున్నరు సార్?" అన్నాడు డ్రైవరు. "ఇంజను హీటు మీటరు పనిచేస్తుందా బాబూ?" అన్నాను. "అదెన్నడు జేసింది సార్!" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక మాత్రం చాలాసేపటి దాకా ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఏడెనిమిదేళ్ళ కిందటి ఒక చలికాలం, దాని వెనక వచ్చిన ఎండలు నా కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

మా అక్కావాళ్ళది నస్పూర్. బావ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. చాలా ఏళ్ళు బెల్లంపల్లిలో చేసి, ఆ బాయి మూతపడ్డాక నస్పూర్ వైపు మారి, అక్కడే రిటైరయ్యాడు. బావ పని బొగ్గు తవ్వడం కాదు. బాయిలోకి మనుషుల్ని దించి, షిఫ్టు అయ్యాక పైకి తీసే పెద్ద ఇంజను నడపడం. ఇంజను గదిలో కూర్చుంటే ఆయనకు బాయి కనపడదు, అందులోకి దిగుతున్న మనుషులూ కనపడరు. ఎదురుగా ఒక పెద్ద గుండ్రటి మీటరు, పక్కన ఒక గంట. ముల్లు ఎంత లోతు చూపిస్తే మనుషులు అంత లోతులో ఉన్నట్టు. ముప్పై ఏళ్ళు ఆ ముల్లును నమ్మి వందలమందిని దించి, అందరినీ పైకి తీశాడు. అందుకేనేమో, మా బావకు మనుషుల మాటల మీద కన్నా మీటర్ల మీద నమ్మకం ఎక్కువ. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే అన్నం సహించేది కాదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. ఉష్ణం పాఠమైతే నిద్రలో లేపినా చెప్పగలను. అయినా ఆయన దృష్టిలో నాకు వేడి గురించి ఏమీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఒకసారి వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఒట్టి చేత్తో తియ్యబోయి అరచెయ్యి కాల్చుకున్న నాటి నుంచి ఆయన ముందు నేనూ వాదించలేదు.

బావకూ ఆ పెళ్ళి కారులాంటిదే ఒకటి ఉండేది, బాయిలో ఒక ఆఫీసరు రిటైరై సొంతూరికి పోతూ ఇచ్చిపోయింది. కారు పేరు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఊళ్ళో డాక్టరు దిగినా, తహసీల్దారు దిగినా అందులోంచే దిగేవారు. మీగడ రంగు, గుండ్రటి వీపు, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందు సీటు ఇంట్లో సోఫాలాగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. వెనక కిటికీలకు అక్క తన పాత చీర ఒకటి కత్తిరించి తెరలు కుట్టింది. తలుపు వేస్తే బీరువా వేసినట్టు చప్పుడు. ఆదివారం పొద్దున బావ దాన్ని కడుగుతుంటే, ఇంటి ముందు నుంచి పోయే ప్రతివాడూ నిలబడి ఒక సలహా చెప్పిపోయేవాడు. "కొత్తది కొనుక్కోరాదు పెద్దమనిషీ" అంటే బావ తల కూడా ఎత్తేవాడు కాదు. "కొత్తవాట్ల కూసుంటే డబ్బల కూసున్నట్టుంటది" అని తుడుచుకుంటూనే ఉండేవాడు.

అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. చెడిపోయిన సంగతి తెలిసేసరికే రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. గుండె కూడా బలహీనంగా ఉందని, కరీంనగర్‌లోనే చేయించాలని డాక్టర్లు చెప్పారు. సోమవారం, గురువారం తెల్లవారగానే బావ అక్కను వెనక సీట్లో పడుకోబెట్టి, లక్సెట్టిపేట, ధర్మారం, చొప్పదండి మీదుగా నడుపుకుంటూ వచ్చేవాడు. బస్సు ఎక్కితే అక్కకు వాంతులు. అద్దెకు తెచ్చిన కార్లలో కాళ్ళు చాపుకోవడానికి ఉండదు. ఈ కారులో మాత్రం పరుపు మీద పడుకున్నట్టే పడుకునేది. నాలుగు గంటలు మిషను మీద ఉండి, మా ఇంటికి వచ్చి కాసేపు ఒరిగి, సాయంత్రం తిరిగి వెళ్ళిపోయేవారు. "ఇక్కడే ఉండరాదక్కా, ఈ తిరుగుడెందుకు?" అని ఎన్నిసార్లన్నానో. "నీ ఇంట్ల ఎన్ని దినాలని ఉంట తమ్మీ? మా ఇంట్ల మల్లెచెట్టుకు నీళ్ళు ఎవరు వోస్తరు?" అనేది. వాళ్ళ బిడ్డ నిజామాబాద్‌లో టీచరు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, తల్లి పక్కన కూర్చొని, కళ్ళు తుడుచుకొని వెళ్ళేది.

ఆ జబ్బుకు అన్నింటికన్నా పెద్ద శిక్ష నీళ్ళు. రోజు మొత్తానికి ఇన్ని నీళ్ళని ఒక గ్లాసు లెక్క చెప్పారు. అక్క ఆ నీటిని చిన్న సీసాలో పోసుకొని, గుటక గుటకగా సాయంత్రం దాకా ఆదా చేసుకునేది. నోరు ఎండిపోతే లవంగం చప్పరించేది. కారుకేమో రేడియేటర్ కారేది. దారి పొడవునా బావ ఆపి, బానెట్ ఎత్తి, డబ్బాలతో నీళ్ళు పోసేవాడు. ఒకసారి నేను కూడా ఉన్నాను. ధర్మారం దాటాక ఆపి, రెండు డబ్బాలు గుబగుబా పోస్తుంటే, అక్క వెనక కిటికీ తెర పక్కకు జరిపి చూస్తూ, "దానికి గిన్ని తాపుతున్నవు, నాకు ఒక్క బుక్కెడు పోస్తె నీ సొమ్మేం పోతది?" అంది. నవ్వుతూనే అంది. బావ డబ్బా కింద పెట్టి, చాలాసేపు బానెట్ చాటునే నిలబడ్డాడు.

హీటు మీటరు ఎప్పుడు చచ్చిందో ఎవరికీ సరిగా తెలియదు. ముల్లు చల్లటి వైపు ఒరిగి, అక్కడే పడి ఉండేది. బావ దాని అద్దం మీద వేలితో కొట్టి చూసేవాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంజను ఎంత కాగుతోందో తెలియదు గనుక, భయంతో ప్రతి ఐదారు మైళ్ళకు ఆపడం, చెయ్యి పెట్టి చూడడం, చల్లారేదాకా ఆగడం. అయినా మీటర్ల మీద అంత నమ్మకం ఉన్న బావే ఎందుకో మొదట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. దసరా వెళ్ళిన తర్వాత ఒక గురువారం అక్క మిషను మీద ఉండగా, ఆస్పత్రి బయట చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు: "బామ్మర్దీ, గా మీటరు మార్పియ్యాలె. ఏదేమైనా గాని, మార్పియ్యాలె." ఆ గొంతులో ఉన్న పట్టుదలకు నేను ఆశ్చర్యపోయాను. మీటరు గురించి మాట్లాడుతున్నట్టు లేదు, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు ఉంది.

కరీంనగర్‌లో ఆ కార్ల సంగతి తెలిసిన మిస్త్రీ ఒక్కడే మిగిలాడు. తండ్రి దగ్గర పని నేర్చుకున్న ముసలాయన. షెడ్డులో ఒంటరిగా పనిచేసుకునేవాడు. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి జారి, మళ్ళీ తెలుగులోకి వచ్చేవాడు. చేతులు కొంచెం వణికేవి, చూపు ఆనేది కాదు. బానెట్‌లోకి తల పెట్టి, చూడటం కన్నా వేళ్ళతో తడిమి తెలుసుకునేవాడు. మీటరు ఊడదీసి మా ఇద్దరికీ చూపించాడు. మీటరు వెనక నుంచి వెంట్రుక కన్నా కాస్త లావుగా ఒక రాగి గొట్టం, దాని చివర వేలెడంత ఇత్తడి బుడ్డి. ఆ బుడ్డి ఇంజను నీళ్ళలో మునిగి ఉంటుంది. బుడ్డిలోని ద్రవం వేడికి ఆవిరై, గొట్టంలోంచి వచ్చి ముల్లును తోస్తుంది. ఎక్కడో రేకుకు రాసుకొని గొట్టానికి చిల్లు పడింది. ఇక దానికి అతుకు వెయ్యడం కుదరదు, మొత్తం మార్చాల్సిందే. "గిది ఇప్పుడు ఏడ దొరకదు అన్నా. కరెంటుతోటి నడిచే కొత్త మీటరు పెడత, ఫికర్ జెయ్యకు" అన్నాడు మిస్త్రీ. బావ ఒప్పుకోలేదు. "దాని జాగల అదే ఉండాలె మిస్త్రీసాబ్. గసుంటిదే తెస్త" అన్నాడు. మిస్త్రీ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు బావ ఆ మీటరు కోసం తిరగని చోటు లేదు. మంచిర్యాలలో పాత ఇనుప సామాను దుకాణాలు, బెల్లంపల్లిలో బాయి మూతపడ్డాక పాడుబడ్డ క్వార్టర్ల వెనక తుప్పుపట్టి ఉన్న కార్లు, హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళు. సోమవారం, గురువారం అక్క, మిగతా రోజులు మీటరు. ఒకసారి ఎవరో సరిగ్గా అలాంటిదే పంపిస్తే పార్సిల్ విప్పి చూశాం. అది ఆయిలు మీటరు. ఇంకోసారి అన్నీ సరిపోయాయి గానీ గొట్టం జానెడు పొట్టి. అక్క మాత్రం ఏమీ అనేది కాదు. ఫోన్ చేస్తే, "మీ బావనా? పెండ్లిపిల్లను చూడవోయిండు" అని నవ్వేది.

చివరికి ఆదిలాబాద్‌లో ఒక ముసలి దుకాణదారు దగ్గర ఉందని కబురొచ్చింది. నన్ను కూడా రమ్మన్నాడు బావ. కారు అంత దూరం పోలేదు గనుక, కారు మీటరు కోసం మేమిద్దరం బస్సులో పోయాం. జన్నారం దాటి ఉట్నూరు అడవి దారి పట్టాక, ఆకు రాలిన చెట్ల మధ్య మోదుగులు ఒక్కటే ఎర్రగా పూసి ఉన్నాయి. బావ కిటికీ పక్కన కూర్చొని కూడా వాటిని చూడలేదు. ఒళ్ళో పాత మీటరు, గుడ్డలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దుకాణం అంటే ఒక ఇరుకు గది, నేల నుంచి పైకప్పు దాకా డబ్బాలు. ముసలాయన పాత మీటరును అటూ ఇటూ తిప్పి, "భావూ, ఇప్పుడు గివి ఎవరడుగుతలేరు. మా బాపు ఉన్నప్పటిది ఒక్కటున్నది, జర ఆగు" అని నిచ్చెన ఎక్కాడు. అరగంట వెతికి, దుమ్ము కొట్టుకున్న అట్టపెట్టె ఒకటి దించాడు. లోపల నూనె కాగితంలో చుట్టి, గొట్టం వలయాలు వలయాలుగా మడిచి, కొత్త మీటరు. బావ దాన్ని చేతిలోకి తీసుకొని, గొట్టం పొడుగు జానలతో కొలిచాడు. ముసలాయన, "మంచిగ జూసుకో. గొట్టం మడతవడితే ఖతం" అన్నాడు.

నస్పూర్ చేరగానే కాళ్ళయినా కడుక్కోకుండా బావ వంటింట్లోకి పోయాడు. బిగించేముందు పనిచేస్తుందో లేదో చూడాలి. అక్క స్టూలు మీద కూర్చొని చాయ్ గిన్నెలో నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించింది. నీళ్ళు మసలడం మొదలయ్యాక బావ ఇత్తడి బుడ్డిని అందులోకి దించాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి మీటరు వైపు చూస్తున్నాం. ముల్లు కదల్లేదు. బావ ముఖం పాలిపోయింది. అంతలో ముల్లు చిన్నగా వణికింది. వణికి, నిద్రలేచినట్టు లేచి, మెల్లగా వేడి వైపు పాకింది. "లేశింది! లేశింది!" అని అక్క చప్పట్లు కొట్టింది. బుడ్డిని చన్నీళ్ళలో ముంచితే మళ్ళీ దిగింది. మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ చన్నీళ్ళు. నాలుగైదుసార్లు అదే ఆట. బావ ముఖంలో అలాంటి వెలుగు నేను ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు. అక్క మాత్రం ముల్లు వైపు కాదు, ఆయన ముఖం వైపే చూస్తూ ఉంది. అప్పుడది నాకు మామూలుగానే అనిపించింది.

మిస్త్రీ షెడ్డులో బిగించడానికి ఒక పూటంతా పట్టింది. ఇంజనులోంచి నీళ్ళన్నీ వదిలి, పాత బుడ్డిని పట్టి ఉన్న నట్టు ఊడదియ్యబోతే రాలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో చిన్నగా తట్టి తట్టి, మొత్తానికి తిప్పాడు. నన్ను టార్చి పట్టుకొమ్మన్నారు. నేను పట్టిన చోట ఎప్పుడూ వెలుతురు ఉండేది కాదట. "సార్, పిల్లలకు గిట్లనే సదువు చెప్పిండ్రా?" అన్నాడు మిస్త్రీ. సన్నటి గొట్టాన్ని ఇంజనుకూ ముందు సీటుకూ మధ్య ఉండే రేకు బెజ్జంలోంచి లాగి, మళ్ళీ రాసుకోకుండా రబ్బరు తొడిగి, మిగిలిన పొడుగును గాజుల్లాగా చుట్టలు చుట్టి కట్టాడు. వణికే ఆ చేతులు గొట్టం పట్టుకున్నంతసేపూ వణకలేదు. నీళ్ళు నింపి స్టార్ట్ చేశారు. ముల్లు లేచింది. మధ్యకు వచ్చింది. మధ్యలో ఆగలేదు. పావుగంటలో ఎర్ర గీత దగ్గరికి పోయింది.

మిస్త్రీ ఇంజను ఆపి, రేడియేటర్ వైపు, పొగ గొట్టం వైపు తిరిగి చూసి, వేళ్ళు గుడ్డతో తుడుచుకున్నాడు. "మీటరు కరెక్టే అన్నా. ఇంజను హెడ్డు పగిలింది. ఎన్ని దినాలైందో ఏమో. లోపల్నే నీళ్ళు మింగుతున్నది. దీనికి సామాను లేదు, జేసినా నిలవది. నేను ఝూట్ చెప్ప" అన్నాడు. బావ అద్దం మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "ముల్లు కనవడుతున్నదిగద. పైలంగ నడుపుత. మీదికి పోతె ఆపుత, దిగినంక పోత" అన్నాడు.  మేము బయల్దేరుతుంటే మిస్త్రీ డబ్బా నిండా నీళ్ళు పట్టి తెచ్చి కారులో పెట్టాడు.

తర్వాతి సోమవారం అక్కను తీసుకురావడానికి నేను ముందురోజే నస్పూర్ పోయాను. పోయినసారి మిషను మీద అక్కకు స్పృహ తప్పింది. మళ్ళీ అలాగైతే పక్కన ఇంకో మనిషి ఉండాలని. పొద్దున్నే బయల్దేరాం. బావకు రోడ్డు మీద ఒక కన్ను, ముల్లు మీద ఒక కన్ను. ముల్లు ఎక్కితే ఆపడం, దిగితే పోవడం. ధర్మారం చేరేసరికే ఎండ చుర్రుమంటోంది. చొప్పదండి ఇంకా రాకముందే ముల్లు ఒక్కసారిగా ఎర్ర గీత దాటింది. రోడ్డు పక్కన చింతచెట్టు నీడకు తోసుకుంటూ చేర్చాం. డబ్బాలు ఖాళీ అయిపోయాయి. కొంచెం దూరంలో పొలంలో బోరు పోస్తోంది. బావ రెండు డబ్బాలు తీసుకొని గట్ల మీదుగా పోయాడు.

నేను వెనక తలుపు తీసి, అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కాళ్ళు వాచి ఉన్నాయి. మిషను కోసం చేతికి ఆపరేషన్ చేసిన చోట నరం ఉబ్బి, వేలు పెడితే తుమ్మెద తిరుగుతున్నట్టు గుయ్యిమనేది. అక్క ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని, పొలం వైపు చూస్తూ అంది:

"తమ్మీ, ఒక ముచ్చట చెప్త, కోపానికి రాకు. ఇగ నేను దవాఖానకు పోను."

"ఇయ్యాల లేటయితది గంతే అక్కా. ఫోన్ చేసి చెప్త."

"ఇయ్యాల గాదు. ఇగ పోనే పోను. గుండె తట్టుకుంటలేదని డాక్టరే అన్నడుగద. పోయినసారి కండ్లు మూతవడ్డప్పుడు గాడ ఎవ్వలు లేరు నాకు. మీ బావ బయట ఉన్నడు, నువ్వు బయట ఉన్నవు. గట్ల పోవుడు నాకు ఇష్టం లేదు. మా ఇంట్ల పోత."

హైదరాబాద్ పోదామన్నాను. ఇంకో డాక్టర్ని చూద్దామన్నాను. నేను చెప్పేవి నాకే నమ్మబుద్ధి కావడం లేదు. అక్క చిన్నప్పుడు నా ఎక్కాలు విన్నట్టు ఓపిగ్గా అన్నీ విన్నది.

"బావకు చెప్పినవా?" అన్నాను చివరికి.

"దసరా అయినంక చెప్పిన. విన్నడు, ఏమనలే. తెల్లారి లేశి, మీటరు మార్పియ్యాలె అన్నడు." కొంచెం ఆగింది. "ఆయన మనసుల అదొక్కటి వెట్టుకున్నడు తమ్మీ. అది దొరికేదాంక ఆగుదామనుకున్న. అందుకే సూదులకు ఓర్చుకున్న. దొరికింది, వెట్టిండు, మంచిగ పనిజేస్తున్నది. ఇగ నన్ను ఇడిశిపెట్టమని చెప్పు."

 బోరు నీళ్ళు కాలువలో పడుతున్న చప్పుడు వినపడుతోంది. బావ రెండు చేతులా డబ్బాలు మోసుకుంటూ, భుజాలు కిందికి గుంజుకుపోతుంటే గట్టు మీద వస్తున్నాడు. నాలుగు నెలలు ఆవిడ ఈయన కోసం బతికింది. ఈయనకు ఆ సంగతి తెలియదు. నాకు తెలిసింది గానీ దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

బావ దగ్గరికి రాగానే అక్కే అంది: "ఇగో, ఇటు జూడు. ఇంటికి తిప్పు."

బావ వినపడనట్టు తడిగుడ్డతో మూత తీశాడు. నీళ్ళు పోశాడు. మామూలుగా గుబగుబా పోసేవాడు, ఆ రోజు సన్నటి ధారగా పోశాడు. మూత బిగించి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్టార్ట్ చేసి, ముల్లు వైపు చూస్తూ ఉన్నాడు. ఎంతసేపో చెప్పలేను. కరీంనగర్ వైపు పోయే రెండు బస్సులు మమ్మల్ని దాటిపోయాయి. "దిగింది" అన్నాడు. అది ఎవరితో అన్నాడో తెలియదు. గేరు వేసి, స్టీరింగు మొత్తం తిప్పి, కారును నస్పూర్ వైపు మళ్ళించాడు. తిరిగిపోయేటప్పుడు ఆ ముల్లు ఒక్కసారి కూడా మధ్యను దాటలేదు. ఎక్కడా ఆపాల్సిన పని పడలేదు. నేను ఫిజిక్స్ చదివినవాణ్ని, దానికి కారణాలేవో ఉండే ఉంటాయి. ఆ దారిలో నేను వాటిని వెతకలేదు.

ఇల్లు చేరాక బావ తనే బిందెలో ముంచి, చెంబు నిండా నీళ్ళు తెచ్చి అక్క చేతికిచ్చాడు. అక్క రెండు చేతులతో పట్టుకొని ఎత్తి తాగింది. నాలుగు గుటకలకే దించింది. "గింతేనా! కలల గూడ నీళ్ళే వస్తుండె. గిన్నిటికే కడుపు నిండింది" అని తనలో తాను ఆశ్చర్యపోయింది. మిగిలినవి మల్లెచెట్టుకు పొయ్యమంది.

తొమ్మిది రోజులు ఉంది. నేను అక్కడే ఆగిపోయాను, బిడ్డ కూడా వచ్చి మంచం పక్కనే ఉండిపోయింది. మొదటి రెండు మూడు రోజులు అక్క తేరుకున్నట్టే కనిపించింది. ఇరుగుపొరుగు వాళ్ళతో మాట్లాడింది, బిడ్డ జడ వేస్తే వేయించుకుంది. తర్వాత ఆయాసం ఎక్కువైంది. ఊళ్ళో డాక్టరు వచ్చి, నొప్పి తెలియకుండా మందు ఇచ్చి, తల దించుకొని పోయాడు. చివరి రెండు రోజులు మనుషుల్ని గుర్తుపట్టలేదు. బావ మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చొని ఉన్నాడు. ఒక పొద్దున, పక్కింట్లో పోపు పెట్టిన వాసన వస్తుండగా, అక్క ఊపిరి ఆగింది. ఆగిందని మా ముగ్గురిలో ఎవరికీ వెంటనే తెలియలేదు.

కారును బావ మళ్ళీ నడపలేదు. మిస్త్రీని రమ్మని, తాళం చేతిలో పెట్టి, "ఏమన్న జేసుకో" అన్నాడు. మిస్త్రీ దాన్ని లారీకి కట్టి తీసుకుపోయాడు గానీ, ముక్కలు చెయ్యడానికి చేతులు రాలేదట. షెడ్డు వెనక నిలబెట్టాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. మిస్త్రీ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను. కారు ఏమైందో నేను అడగలేదు.

బావ ఆ తర్వాత నెలకోసారి బస్సులో మా ఇంటికి వచ్చేవాడు. వరండాలో కుర్చీలో కూర్చొని, చాయ్ చల్లారేదాకా పట్టుకొని ఉండేవాడు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "బామ్మర్దీ, నువ్వు సదువుకున్నోనివి. గా దినం నేను తిప్పకుంట కరీంనగరే వస్తె, ఇంకెన్ని దినాలుంటుండె?"

"ఎక్కువ రోజులు ఉండేది కాదు బావా."

"ఎక్కువంటె ఎన్ని?"

నా దగ్గర లెక్క లేదు. కానీ చెప్పగలిగిన మాట ఒకటి ఉంది. ఆవిడ నాలుగు నెలలు నీ కోసమే ఆగిందని, నువ్వు తిప్పడం వల్ల పోలేదని, నువ్వు వెతుకుతున్నన్నాళ్ళూ ఉందని. ఆ మాట ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. వింటే ఆయన తేలికపడతాడో, లేక ఆ నాలుగు నెలల సూదులన్నీ తనవల్లేనని ఇంకా కుంగిపోతాడో నాకు తెలియలేదు. ఈసారి వచ్చినప్పుడు చూద్దాం అనుకునేవాణ్ని. ఆయన చల్లారిన చాయ్ తాగి, చేతిసంచి తీసుకొని, బస్సు టైమైందని లేచేవాడు. నేను స్టాండు దాకా పోయి ఎక్కించి వచ్చేవాణ్ని. అలా మూడేళ్ళు వచ్చాడు. నాలుగో ఏడు వానాకాలంలో ఆయన రాలేదు. ఆయన పోయాడని ఫోన్ వచ్చింది, గుండెపోటు, బజారుకు పోయి వస్తూ ఇంటి మెట్ల మీదే.

చెప్పాలనుకున్న మాటకు ఇంకా చాలా సమయం ఉందనే అనుకుంటూ వచ్చాను. వినవలసిన మనిషి వెళ్ళిపోయాడు, ఆ సమయమంతా ఇప్పుడు ఖర్చు కాకుండా నా ఒక్కడి దగ్గరే మిగిలిపోయింది.